‘క్షీణించు’ అనే మాటను సరిగ్గా ఎలా వాడాలి?

హనుమకొండలో డీటీపీ, ప్రూఫులు దిద్దడం నా పని. కరపత్రాలు, సావనీర్లు, సంతాప సందేశాలు, డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఏవి వచ్చినా, వాటిలో ‘క్షీణించింది’ కనబడితే పెన్ను తీయాల్సిందే. పది సార్లలో ఏడెనిమిది సార్లు అక్కడ ఉండాల్సింది వేరే మాట. రాసేవాళ్లకు ‘తగ్గింది’ అంటే మరీ ఇంట్లో మాటలా అనిపిస్తుందేమో, బరువు కోసం దీన్ని తెచ్చి పెడతారు.

కావాల్సినవి ఒక నిఘంటువు, ఒక పెన్సిలు. ఇక మొదలుపెడదాం.

ముందు అక్షరాలు చూసుకోండి. క్షీకి దీర్ఘం ఉండాలి, తర్వాతది ణ. ‘క్షిణించు’, ‘క్షీనించు’ రెండూ తప్పే.

రెండోది అర్థం. సంస్కృతంలో ‘క్షి’ అనే ధాతువు నుంచి వచ్చిన మాట ఇది, తరిగిపోవడం అని అర్థం. క్షయం కూడా దీని చుట్టమే. ఒళ్లు తరిగిపోతుంది కాబట్టే టీబీని క్షయ అన్నారు. తరగనిది అక్షయం.

మూడోది వ్యాకరణం. క్షీణించడం దానంతట అది జరిగే పని, దీనికి కర్మ ఉండదు. కాబట్టి ‘క్షీణించబడింది’ అని రాయకండి, ఎవరు రాసినా, ఎంత పెద్ద రిపోర్టులో ఉన్నా. ‘కాలుష్యం చేపల సంతతిని క్షీణించింది’ కూడా కుదరదు. ‘కాలుష్యం వల్ల చేపల సంతతి క్షీణించింది’ అనాలి, లేదా ‘క్షీణింపజేసింది’ అనాలి. నేనైతే మొదటిదే ఉంచుతాను, రెండోది నోరు తిరగదు.

ఇక నాలుగోది. అందరూ పడేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. అసలు ఇక్కడ ఈ మాట పడుతుందా లేదా అని ఎలా తేల్చుకోవాలి?

చంద్రుణ్ని గుర్తు తెచ్చుకోండి. పున్నమి దాటాక రోజుకింత తరుగుతూ అమావాస్య దాకా వెళ్తాడు, పంచాంగం చెప్పేవాళ్లు క్షీణ చంద్రుడు అనేది అందుకే. అదే చంద్రుడు గ్రహణం రాత్రి కొన్ని గంటల్లోనే మసకబారినా క్షీణించాడు అని ఎవరూ అనరు, గ్రహణం పట్టింది అంటారు. మీ వాక్యంలో ఉన్నది కృష్ణపక్షమా, గ్రహణమా? ఇది తేల్చుకుంటే సగం పని అయినట్టే. ‘రోజురోజుకూ’ అనే మాట ముందు పెట్టి చదవండి, అతికితే క్షీణించడమే. (అతికాక దాన్ని కొట్టేయండి. ‘క్రమంగా క్షీణించింది’ అని రాసేవాళ్లంటే నాకు గిట్టదు, ఆ క్రమం ఈ మాటలోనే ఉంది.)

మన ఊరి ఉదాహరణే తీసుకోండి. ‘1323లో కాకతీయ సామ్రాజ్యం క్షీణించింది’ అని ఏటా ఎవరో ఒకరు రాసి తెస్తారు. ఆ ఏడు జరిగింది క్షీణించడం కాదు. ఢిల్లీ సైన్యం ఓరుగల్లు కోటను పట్టుకుంది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, రాజ్యం కూలింది. దాన్ని పతనం అంటారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్‌తో సంధి చేసుకుని సంపద అప్పగించిన నాటి నుంచి ‘రాజ్యబలం క్షీణిస్తూ వచ్చి, 1323లో పతనమైంది’ అని రాయండి, రెండు మాటలూ వాటి చోట్లో కూర్చుంటాయి. ఒక్క తేదీ పక్కన ‘క్షీణించింది’ కనబడితే అనుమానించండి. ఎనుమాముల మార్కెట్లో పొద్దున ఉన్న మిర్చి ధర సాయంత్రానికి లేకపోతే అది పడిపోవడమే. డాలరు పక్కన రూపాయి పది పైసలు పోగానే ‘క్షీణించింది’ అని బిజినెస్ పేజీల్లో వస్తుంది. అలవాటైపోయింది, కానీ నా చేతికి వస్తే మారుస్తాను.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఈ మాటలో కాస్త బాధ ఉంది. ఉండాల్సినది, మంచిది తరిగితేనే క్షీణించింది అంటాం: బలం, చూపు, పలుకుబడి, శాంతిభద్రతలు. ‘జ్వరం క్షీణించింది’ అంటే జ్వరం పోతున్నందుకు ఏడుస్తున్నట్టుంటుంది. జ్వరం, అప్పులు, నేరాలు, దోమలు ఇవన్నీ హాయిగా తగ్గుతాయి, తగ్గనివ్వండి.

ఆరోగ్యం విషయంలో మరీ జాగ్రత్త. క్షీణించడం వేరు, విషమించడం వేరు. నెలల తరబడి మనిషి నీరసపడుతూ వస్తే క్షీణించింది, ఐసీయూ దాకా వస్తే విషమించింది. మా మేనమామకు రెండు రోజులు జ్వరం వస్తే, చదువుకున్న మా తమ్ముడు కుటుంబం గ్రూపులో ‘మామయ్య ఆరోగ్యం క్షీణించింది’ అని పెట్టాడు. కరీంనగర్ నుంచి ఇద్దరు అత్తమ్మలు రాత్రి బస్సెక్కి, పండ్లు పట్టుకుని, ఏడుస్తూ దిగారు. ఆయనేమో అరుగు మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. ‘జ్వరం వచ్చింది’ అంటే సరిపోయేది కదా.

అసలు మా అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా క్షీణించు అనలేదు. మనిషి సన్నబడితే ‘బక్కగైండు’ అంటుంది, ఆ ఒక్క ముక్కలో అన్నీ తెలిసిపోతాయి. రాతలో కూడా ఇలాంటి మాటలు ముందు వెతుక్కోండి. ఆశ సన్నగిల్లుతుంది, చెప్పు అరుగుతుంది, గోడ శిథిలమవుతుంది, పువ్వు వాడుతుంది. వీటిలో ఏదీ కుదరనప్పుడే క్షీణించు దగ్గరికి రండి.

చివరిగా నామవాచకం. ‘క్షీణత’ బాగుంటుంది, ‘క్షీణదశ’ కూడా. ‘క్షీణింపు’ నాకు నచ్చదు, కాబట్టి వాడకండి. ఇంటర్ ఎకనామిక్స్ చదివినవాళ్లకు ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ గుర్తుండే ఉంటుంది. పేరు భయపెడుతుంది కానీ మాటను ఎంత సరిగ్గా వాడారో చూడండి. బండి దగ్గర మొదటి మిర్చి బజ్జీ అమృతం, రెండోది బాగుంటుంది, మూడోది పర్వాలేదు, నాలుగోది పక్కవాడికి ఇచ్చేస్తాం. బజ్జీ బజ్జీకి కొంచెం కొంచెంగా తరుగుతూ పోయిన ఆ తృప్తి ఉందే, అదీ క్షీణించడమంటే.