పడవల విభాగానికి బకింగ్‌హామ్ కాలువ రూపం

నెల్లూరు, ఒంగోలు పరిసరాల వినోద పార్కులో కళ తప్పిన పడవల విభాగాన్ని మార్చదలచినవారు, రంగుల కన్నా ముందు అది చెప్పవలసిన కథను నిర్ణయించుకోవాలి. విదేశీ ఓడదొంగల కథ కన్నా మన తీరం వెంట సాగే బకింగ్‌హామ్ కాలువే ఇక్కడ తగిన ఇతివృత్తమని నా దృఢాభిప్రాయం. 1877–78 కరువులో ఆకలితో ఉన్న జనానికి పని కల్పిస్తూ కొంత భాగం తవ్వించిన ఆ జలమార్గాన్ని నేటి పిల్లలు ఎరగకపోవడం విచారకరం.

పాత నీటి మార్గాన్నీ, పంపులనూ వీలైనంతవరకు అలాగే ఉంచితే ఖర్చు తగ్గుతుంది. మిగిలిన సొమ్మును లాకుల మీద పెట్టండి: రెండు తలుపుల మధ్య పడవ ఆగి, నీరు నిండుతున్నకొద్దీ మెల్లగా పైకి లేచి, ఎదుటి తలుపు తెరుచుకోగానే ముందుకు సాగే ఆ క్షణమే ఈ విభాగానికి ప్రాణం. అక్కడ పడవను తొందరపెట్టవద్దు.

వరుసలో నిలబడే చోటును ఉప్పు కొఠారులా కట్టి, పైన దట్టమైన నీడ కల్పించాలి. మన ఎండల్లో ఇది అలంకారం కాదు, అవసరం. పక్క విభాగాలు కనబడకుండా సరుగుడు చెట్లు నాటించవచ్చు.

తెరచాపలు అమర్చితే పడవ బరువూ, గాలి తాకిడీ మారతాయి కనుక, ఇంజనీరు మళ్లీ పరీక్షించి అనుమతించాకే సందర్శకులను ఎక్కించాలి.