పాత ఇంట్లో రిపేర్లా? ఆస్బెస్టాస్ ఉందేమో అని డౌట్ ఉంటే ముందు ఇది చదవండి

పాత ఇంటికి కొత్త టైల్స్ వేద్దాం, సీలింగ్ మారుద్దాం, ఆ రేకులు తీసేద్దాం అనుకుంటున్నారా, అయితే సుత్తి పట్టుకునే ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆస్బెస్టాస్ అంటే గట్టిదనం కోసం సిమెంట్ రేకులు, టైల్స్ లాంటివాటిలో కలిపే, సన్నని పోగులుగా ఉండే ఒక ఖనిజం. అది ఉన్న వస్తువు గట్టిగా, పగుళ్లు లేకుండా, ఎవరూ కదపకుండా ఉన్నంతకాలం దాంతో రిస్క్ చాలా తక్కువ. దాన్ని కోసినప్పుడు, డ్రిల్ పెట్టినప్పుడు, గీకినప్పుడు, పగలగొట్టినప్పుడే కంటికి కనపడని సన్నని పోగులు గాల్లోకి లేచి గంటల తరబడి తేలుతూ ఉంటాయి, అవి పీల్చితే లంగ్ క్యాన్సర్, మెసోథెలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్), ఆస్బెస్టోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడి ఊపిరాడని జబ్బు) లాంటివి రావచ్చు. పీల్చిన రోజు దగ్గు కూడా రాదు, జబ్బు బయటపడటానికి చాలాసార్లు 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది, అందుకే "నేను ఎన్నేళ్ల నుంచో ఈ రేకులు కోస్తున్నా, నాకేం కాలేదు" అని పనివాళ్లు చెప్పే మాటని దయచేసి నమ్మొద్దు. సిగరెట్ తాగేవాళ్లకైతే లంగ్ క్యాన్సర్ రిస్క్ ఇంకా చాలా ఎక్కువ.

ముందు ఇల్లు ఎప్పుడు కట్టారో కనుక్కోండి. బ్రిటన్‌లో 1999లో, ఆస్ట్రేలియాలో 2003 చివర్లో పూర్తిగా బ్యాన్ చేశారు, అంటే అక్కడ అంతకంటే పాత ఇల్లయితే డౌట్ పడాల్సిందే. ఇండియాలో మాత్రం సిమెంట్ రేకుల్లో ఇప్పటికీ వాడుతున్నారు కాబట్టి కొత్త ఇల్లు కదా అనే ధీమా అన్నిచోట్లా పనికిరాదు.

ఎక్కడెక్కడ ఉండొచ్చు అంటే, సిమెంట్ రేకులు, సిమెంట్ నీళ్ల పైపులు, వాటర్ ట్యాంకులు, పాత వినైల్ ఫ్లోర్ టైల్స్, వాటి కింద ఉండే నల్ల గమ్ము, గరుకుగా డిజైన్ వేసిన సీలింగ్ కోటింగ్, బాయిలర్ పైపుల చుట్టూ చుట్టిన కవరింగ్, పాత ఫ్యూజ్ బోర్డుల వెనక పలక. వీటిలో సిమెంట్‌లో బిగుసుకుపోయి ఉన్నది కొంచెం నయం. పైపుల చుట్టూ ఉండే మెత్తటి కవరింగ్, స్ప్రే చేసిన కోటింగ్, చేత్తో నలిపితే పొడి అయ్యే బోర్డులు మాత్రం చాలా డేంజర్, వాటి జోలికి మీరు అస్సలు వెళ్లొద్దు, ట్రైనింగ్ ఉన్నవాళ్లే తియ్యాలి.

చూసి చెప్పేయడం కుదరదు, ఎంత అనుభవం ఉన్న మేస్త్రీ అయినా సరే. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తేనే తేలుతుంది. శాంపిల్ తీసే పని తెలిసినవాళ్లతో చేయించడం మంచిది, ఎందుకంటే ఆ చిన్న ముక్క విరిచేటప్పుడు కూడా పోగులు లేస్తాయి. టెస్ట్ చేయించే వీలు లేకపోతే అది ఆస్బెస్టాసే అనుకుని పని ప్లాన్ చేసుకోండి, జాగ్రత్త ఎక్కువైతే పోయేదేం లేదు.

ఉంది అని తేలాక అందరికీ వచ్చే మొదటి ఆలోచన పీకేద్దాం అని. నా అభిప్రాయం, చాలాసార్లు అదే తప్పు నిర్ణయం. ఫ్లోర్ టైల్స్ బాగానే ఉంటే వాటిని గీకకుండా, శాండింగ్ చేయకుండా (అంటే రుద్ది అరగదీయకుండా) పైనే కొత్త ఫ్లోరింగ్ వేసేయొచ్చు. సీలింగ్ కోటింగ్ గట్టిగా ఉంటే పాత పెయింట్ గీకకుండా పైన పెయింట్ వేయొచ్చు, లేదా దాన్ని కదపకుండా కింద ఇంకో సీలింగ్ కట్టించొచ్చు. అల్మారా బిగించాలంటే ఆ గోడకే ఎందుకు, పక్క గోడకి బిగించండి, లేదా నేలమీద నిలబడేది తెచ్చుకోండి.

సిమెంట్ రేకుకి ఒకటి రెండు చిన్న రంధ్రాలు తప్పవు అనుకుంటే, మీరు ఉన్నచోట రూల్స్ ఒప్పుకుంటేనే, ఇలా చేయండి. పిల్లల్ని, మిగతావాళ్లని బయటికి పంపండి, ఫ్యాను, ఏసీ ఆపండి, కింద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరవండి. రంధ్రం వేసే చోట షేవింగ్ ఫోమ్ లాంటి చిక్కటి పేస్ట్ దట్టంగా రాసి, చేత్తో తిప్పే డ్రిల్‌తో గానీ బాగా స్లో స్పీడ్‌లో గానీ వేయండి, పొడి ఆ పేస్ట్‌లోనే చిక్కుకుంటుంది, తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా పారేయాలి. గ్రైండర్, కట్టర్ మిషన్, శాండర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. కర్చీఫ్ కట్టుకుంటే, సర్జికల్ మాస్క్ పెట్టుకుంటే చాలు అనుకోవద్దు, పీ100 లేదా పీ3 అనే, సన్నని దుమ్ముని ఆపే ఫిల్టర్లు ఉన్న రెస్పిరేటర్ (ముక్కు, నోరు మూసే గట్టి మాస్క్) కావాలి, అది ముఖానికి గట్టిగా అతుక్కోవాలి, గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి లోపలికి వచ్చేస్తుంది.

రేకుల కప్పు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, పాత రేకు పెళుసుగా ఉంటుంది, మనిషి బరువుకి విరిగి కింద పడిపోతారు, కాబట్టి దానిమీద నడవొద్దు. నాచు పోవాలని ప్రెషర్ వాషర్ పెట్టొద్దు, వైర్ బ్రష్‌తో రుద్దొద్దు. మార్చాల్సి వస్తే తెలిసినవాళ్లతో రేకులు తడిపించి, బోల్టులు విప్పించి, ముక్కలు చేయకుండా నిండు రేకులుగానే కిందికి దించమనండి, పైనుంచి విసిరేస్తే ఒప్పుకోవద్దు.

పని అయ్యాక చీపురు పట్టొద్దు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ కూడా పెట్టొద్దు, అది పోగుల్ని వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. తడిగుడ్డలతోనే తుడవాలి. వేసుకున్న బట్టలు పారేసేవి అయితే మంచిది, లేకపోతే దులపకుండా విడిగా పెట్టండి, ఆ దుమ్ము బట్టలు ఉతికిన ఇంట్లో ఆడవాళ్లకి జబ్బు వచ్చిన కేసులు చాలా దేశాల్లో ఉన్నాయి. వెంటనే తలస్నానం చేయండి. చెత్తని రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి టేప్ వేసి, పైన ఏముందో రాసి, ఎక్కడ పడేయాలో మున్సిపాలిటీని అడగండి, మామూలు డెబ్రిస్‌లో కలిపేయొద్దు, పెరట్లో పాతిపెట్టొద్దు.

పని మధ్యలో అనుకోకుండా ఏదైనా పగిలి డౌట్ వస్తే అక్కడికక్కడే ఆపేసి, అందరూ బయటికొచ్చి తలుపు మూసేయండి. చిన్న ముక్క అయితే రెస్పిరేటర్ పెట్టుకుని తడిపి ఎత్తేయొచ్చు, పైపు కవరింగ్ గానీ మెత్తటి బోర్డు గానీ అయితే ఆ గది తెరవకుండా నిపుణుల్ని పిలవండి. ఒక్కసారి కొంచెం పీల్చినంత మాత్రాన జబ్బు ఖాయం అని బెంగపడకండి, ఎంత ఎక్కువ, ఎన్ని రోజులు పీల్చామో దాన్నిబట్టి రిస్క్ పెరుగుతుంది. డౌట్ ఉన్న చోట్లన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ ఎవరొచ్చినా డ్రిల్ బయటికి తీయకముందే చూపించండి.