పాత కారులో మీటర్ ముల్లు ఊగుతుంటే ముందు ఎర్త్ చూడండి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత అంబాసిడర్, పద్మిని కార్లను ప్రేమగా కాపాడుకుంటున్నవాళ్ల కోసం ఈ మాట. పెట్రోల్, టెంపరేచర్ మీటర్లు రెండూ కలిసి పిచ్చిగా ఊగుతుంటే కొత్తవి కొనకండి. రెండూ ఒకేసారి పాడవడం అరుదు. హెడ్‌లైట్ వేయగానే ముళ్లు కదిలితే చాలావరకు ఎర్త్ (కరెంటు బండి ఇనుము ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షన్) లోపమే.

ఒక విడి వైరుతో మీటర్ బాడీని ఛాసిస్ (బండి ఇనుప చట్రం) మీద శుభ్రమైన ఇనుముకు కలపండి, టెర్మినళ్లకు తగలనివ్వకండి. ముళ్లు కుదురుకుంటే దొంగ దొరికినట్టే. బ్యాటరీ కనెక్షన్ తీసేసి, ఎర్త్ బిగించే చోట తుప్పు, పెయింటు ఎమరీ పేపర్‌తో గీకి గట్టిగా బిగించండి. మన దుమ్ముకు, వానాకాలం తేమకు ముందు పాడయ్యేది అక్కడే.

అయినా కుదరకపోతే, మీటర్లకు వోల్టేజ్ స్టెబిలైజర్ ఉన్న బండైతే దాన్ని చూడండి. పాత రకంలో బైమెటల్ (రెండు లోహాలు అతికించిన) రేకు కలుస్తూ, విడిపోతూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. కాబట్టి మల్టీమీటర్‌లో అంకె ఊగడం సహజం. కదలకుండా 12 చూపిస్తే అది పోయినట్టు, లేదా దాని ఎర్త్ ఊడినట్టు.

ఒక్క మీటరే ఊగితే దాని సెండర్ (ట్యాంకులో లేదా ఇంజన్‌లో కొలిచి మీటర్‌కు పంపే భాగం), వైరు చూడాలి. ఎండాకాలంలో టెంపరేచర్ ముల్లు పైకి పోతే మాత్రం వైరింగే అనుకుని నడపొద్దు. బండి ఆపి, ఇంజన్ బాగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూసుకోండి.