బండి ఇంజను నుంచి ఆయిల్ కొద్దిగా కారుతుంటే ఇంటి దగ్గరే ఎలా సరిచేసుకోవాలి?

తెల్లవారి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేయబోయేసరికి రాత్రి బండి నిలిపిన చోట రూపాయి బిళ్ళంత నల్లటి మరక కనిపిస్తే ఇంట్లో మొదలయ్యే మాటలు తిరుపతి సందుల్లో మోటారు సైకిలు ఉన్న వాళ్లకు కొత్త కాదు. ఆ మరక చూడగానే పానా తెచ్చి, కంటికి కనిపించిన బోల్టునల్లా బిగించడం చాలామందికి అలవాటు. చిన్న లీకు పెద్ద ఖర్చయ్యేది సరిగ్గా అక్కడే. ఆయిల్ ఎక్కడి నుంచి వస్తున్నదో తేలేదాకా దేనినీ బిగించకూడదు.

ముందుగా ఇంజనులో ఆయిల్ ఎంత ఉందో చూడాలి. బండిని సమతలంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండు వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజను నడిపి ఆపిన తర్వాత, మరో రెండు మూడు నిమిషాలు ఆగి డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల పుల్ల) తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. చాలా 100 సీసీ బండ్లలో దానిని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. మీ బండికి ఏది సరైనదో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మట్టం కింది గీత కన్నా తగ్గి ఉంటే ఆయిల్ పోయకుండా బండి నడపవద్దు. పై గీత దాటి ఉంటే లీకుకు అదే కారణం కావచ్చు, ఎందుకంటే ఎక్కువైన ఆయిల్ లోపలి ఒత్తిడికి సీళ్ల (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగుల) గుండా, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా బయటికి వస్తుంది. ఆ గొట్టం మడత పడినా, మట్టితో పూడుకుపోయినా ఇదే జరుగుతుంది కనుక దానినీ ఒకసారి తడిమి చూడాలి.

తర్వాతి పని కడగడం. ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాత పాత బ్రష్షుతో కొద్దిగా డీజిల్ పూసి, ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మట్టిని వదలగొట్టి, సబ్బు నీళ్లతో కడిగి గుడ్డతో తుడవాలి. పెట్రోలు మాత్రం వాడవద్దు. ఒక్క నిప్పు రవ్వ చాలు. ఇంజను ఆరిన తర్వాత దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, పది పదిహేను కిలోమీటర్లు తిరిగి రావాలి. తిరుపతి వాళ్లు చంద్రగిరి దాకా, చిత్తూరు వాళ్లు కాణిపాకం దాకా వెళ్తే సరిపోతుంది. తిరిగి వచ్చాక తెల్లటి పౌడరు మీద ఆయిల్ తడి సన్నని చారగా కనిపిస్తుంది. ఆయిల్ కిందికి కారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. అందువల్ల అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు తడిసిన చోటే అసలు జాగా. కింద ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు నుంచి చుక్క వేలాడుతున్నంత మాత్రాన తప్పు దానిదే అనుకోవద్దు. పైన వాల్వుల దగ్గర ఉండే టాపెట్ మూత వద్ద మొదలైన ఆయిల్ కూడా చివరికి ఆ బోల్టు దగ్గరికే చేరుతుంది.

తిరుమల నుంచి దిగిన మర్నాడు మరక కనిపిస్తే ఘాట్ వల్లే బండి పాడైందని అనుకోవడం మన దగ్గర మామూలే. రెండో గేరులో అంతసేపు ఎక్కేటప్పుడు ఇంజను బాగా వేడెక్కి ఆయిల్ పలుచబడుతుంది, అప్పటికే గట్టిపడిన రబ్బరు దానిని ఆపలేకపోతుంది. ఘాట్ కొత్తగా చేసిన చెరుపు ఏమీ లేదు, ఉన్నదానిని బయటపెట్టింది.

టాపెట్ మూత దగ్గర తడి ఉంటే పని సులువు. మూత విప్పి, లోపలి ఓ-రింగును (గుండ్రటి రబ్బరు రింగును) గోటితో నొక్కి చూడండి. గోరు దిగకపోతే, లేదా రింగు పలకగా అణగిపోయి ఉంటే కొత్తది వేయాలి. కొత్త రింగుకు వేలితో కొంచెం ఇంజను ఆయిల్ రాసి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టి మూత బిగిస్తే చాలు.

డ్రెయిన్ బోల్టు దగ్గరైతే ఆయిల్ మార్చే రోజునే ఈ పని పెట్టుకోవడం మంచిది. బోల్టు కింది వాషరు ఒకసారి నలిగిన తర్వాత మళ్లీ సరిగా ఆనదు కనుక ప్రతిసారీ కొత్తది వేయాలి. అది కొన్ని రూపాయల వస్తువు. బోల్టును మొదట వేళ్లతోనే మర ఎక్కించి, పూర్తిగా ఆనిన తర్వాత పొట్టి పానాతో బిగించాలి. బిగువు ఎంతో చూపే టార్క్ పానా ఉంటే చాలా బండ్లకు 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య సరిపోతుంది. కచ్చితమైన అంకె పుస్తకంలో చూసుకోండి. ఒకసారి నేను చుక్క ఆగలేదన్న కోపంతో పానాకు ఇనుప గొట్టం తొడిగి బిగించాను. బిగువు ఒక్కసారిగా వదిలి బోల్టు ఊరికే తిరగసాగింది. బోల్టు ఉక్కు, ఇంజను అల్యూమినియం, పోయేది ఎప్పుడూ ఇంజను మరే. వాషరుతో తీరవలసిన పనికి లేత్ షాపులో కొత్త మర వేయించవలసి వచ్చింది.

గేరు రాడ్డు చుట్టూ తడి ఉంటే ఆయిల్ సీలు మార్చాలి. అయితే చెయిన్‌కు వేసిన ఆయిల్ కూడా అక్కడికే చిమ్ముతుంది కనుక, పౌడరు పరీక్షలో రాడ్డు మొదట్లోనే తడి కనిపించిన తర్వాతే పని మొదలుపెట్టాలి. గేరు పెడల్ విప్పి, సన్నని స్క్రూ డ్రైవరుతో పాత సీలును రాడ్డు మీద గీత పడకుండా మెల్లగా పెకలించాలి. సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అంకెలు అచ్చు వేసి ఉంటాయి. పాతదాన్ని దుకాణానికి తీసుకెళ్లి అదే కొలతది తెచ్చుకోవాలి. రాడ్డు చివర పళ్లు కొత్త సీలు పెదవిని కోసేస్తాయి కాబట్టి, పాల కవరు ముక్క ఒకటి కడిగి ఆ పళ్ల చుట్టూ చుట్టి, సీలు లోపల ఆయిల్ రాసి కవరు మీదుగా జార్చాలి. ఆ తర్వాత కవరు లాగేసి, సీలు అంచుకు సమానమైన బాక్సు పానా ఆనించి, వంకర పోకుండా చిన్నగా తట్టాలి.

ఇంజను పక్కన ఉండే క్లచ్ కవర్ అంచున తడి ఉంటే, కవరుకూ ఇంజనుకూ మధ్య ఉండే పలుచని ప్యాకింగ్ మార్చాలి. దానికి ఒక పూట పడుతుంది. ముందు ఆయిల్ దింపాలి. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు కనుక అట్ట ముక్క మీద కవర్ ఆకారం గీసి, విప్పిన బోల్టును విప్పినట్టే ఆ జాగాలో గుచ్చి ఉంచుకోండి. పొడవు బోల్టు పొట్టి బోల్టు స్థానంలోకి వెళ్తే కేసింగు పగులుతుంది. అతుక్కున్న పాత ప్యాకింగును ప్లాస్టిక్ ముక్కతోనే గీకాలి, బ్లేడుతో గీకితే పడే గీతే కొత్త లీకుకు దారి. కొత్త ప్యాకింగ్ వేశాక బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో బిగించాలి.

సిలిండరు హెడ్డు కింద, లేదా కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ వెనక సీలు దగ్గర తడి ఉంటే మెకానిక్‌కు అప్పగించండి, వాటికి ఇంట్లో ఉండని పనిముట్లు కావాలి. ఆయిల్ వెనక టైరు మీదికి చేరిందని తెలిస్తే ముందు టైరును సబ్బుతో కడగండి. ఆ టైరుతో ఘాట్ మలుపు తిరగడం ప్రాణాపాయం.

దింపిన పాత ఆయిలును కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇస్తే వారు తమ పాత ఆయిలుతో పాటు అమ్ముకుంటారు. పని అయిన రాత్రి ఇంజను కింద పాత న్యూస్ పేపరు పరచి ఉంచండి. రెండు తెల్లవార్లు కాగితం పొడిగా ఉంటే, ఆయిల్ మట్టం మరోసారి చూసుకొని బండి తీయవచ్చు.