కోళ్లు పొడుచుకుంటున్నాయా? సమస్య - కారణం - పరిష్కారం

కోళ్ల గుంపులో పెద్దా చిన్నా తేడా ఉంటుంది. దాణా దగ్గర ముందు ఎవరు, పై కర్ర మీద చోటు ఎవరిది అన్నది పొడుచుకునే తేల్చుకుంటాయి. అందుకే తల మీద ఒక్క పోటు పొడిచి, అవతలిది తప్పుకోగానే ఊరుకుంటే మీరు మధ్యలోకి వెళ్లొద్దు. రక్తం కనిపించినా, ఒకదాన్ని మేత దగ్గరికి రానివ్వకపోయినా మాత్రం ఆలస్యం చేయకండి.

సమస్య: వీపు, తోక దగ్గర ఈకలు ఊడి పుండు పడింది.
కారణం: ఎక్కువగా ఇరుకు. గూట్లో ఒక్కో కోడికి 4 చదరపు అడుగులు, బయట తిరిగే చోట 10 అయినా ఉండాలి. దాణాలో ప్రొటీన్ తక్కువైనా ఈకలు పీక్కుంటాయి, ఎందుకంటే ఈక దాదాపు అంతా ప్రొటీనే. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో అది 16 శాతం ఉండాలి. గింజలు, మెతుకులే వేస్తుంటే అంత అందదు. రాత్రి టార్చ్ వేసి కర్రల సందుల్లో రక్తం పీల్చే చిన్న పురుగులు (మైట్లు) ఉన్నాయేమో కూడా చూడండి. వీపు మీద మాత్రమే ఈకలు పోతే అది పుంజు ఎక్కడం వల్ల కావచ్చు.
పరిష్కారం: గాయపడిన కోడిని ఆ నిమిషమే వేరు చేయండి. ఎర్రగా కనిపిస్తే మిగతావి అక్కడే పొడుస్తాయి, ప్రాణం పోయేదాకా ఆగకపోవచ్చు. ఉప్పునీళ్లతో కడిగి, మానేదాకా జాలీ వెనక, మిగతావాటి కళ్లెదుటే ఉంచండి. కంటికి దూరమైతే తిరిగొచ్చాక మళ్లీ కొత్తదానిలాగే పోరాడాలి. దాణా, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. ఈ ఒక్క పనితోనే సగం గొడవలు తగ్గుతాయని నా నమ్మకం.

సమస్య: కొత్త కోడి మీద అన్నీ పడుతున్నాయి.
కారణం: కొత్తది రాగానే వరస మొత్తం మళ్లీ తేలాలి.
పరిష్కారం: జబ్బు లేదని తెలిసేదాకా నాలుగు వారాలు దూరంగా ఉంచండి. తర్వాత వారం పాటు జాలీకి అటూ ఇటూ ఉంచి కలపండి. వీలైతే ఒక్కదాన్ని కాదు, రెండు మూడింటిని కలిపి వదలండి. పిల్లల్ని పెద్దవాటి సైజుకు దగ్గరయ్యాకే కలపాలి.

సమస్య: ఒక్క పెట్టే అందరినీ తరుముతోంది.
పరిష్కారం: దెబ్బలు తింటున్నదాన్ని కాదు, కొడుతున్నదాన్ని తీయండి. మూడు నాలుగు రోజులు గుంపు కంటపడకుండా ఉంచితే, తిరిగొచ్చేసరికి దాని పెద్దరికం పోతుంది. అయితే అది పొదుగుతున్న పెట్ట అయితే ఆ కోపం గుడ్ల కోసమే, వేరే గంప ఇచ్చి వదిలేయండి.

సమస్య: పుంజులు కొట్లాడుకుంటున్నాయి, మనుషుల మీదికీ దూకుతున్నాయి.
కారణం: పెట్టలు తక్కువ, పుంజులు ఎక్కువ. ఒక్కో పుంజుకు 8 నుంచి 10 పెట్టలు కావాలి.
పరిష్కారం: అదనపు పుంజుల్ని విడిగా పెంచండి. మీదికొచ్చే పుంజును తన్నితే అది పోటీ అనుకుని ఇంకా రెచ్చిపోతుంది. పరుగెత్తొద్దు, నిలబడండి, నెమ్మదిగా పట్టుకుని శాంతించేదాకా చంకలో ఉంచుకోండి. గోళ్ల పోటు కళ్లకు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి, అది మారేదాకా చిన్నపిల్లల్ని అక్కడికి పంపొద్దు.