పెళ్లి ఖర్చుల డబ్బు తప్పు ఖాతాకు పోకుండా...

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గర పడితే పెళ్లివారింట్లో ఫోన్లకు తీరిక ఉండదు. ఫంక్షన్ హాలు, వంటవాళ్లు, డెకరేషన్, ఫొటోగ్రాఫర్... అంతకుముందు ఎన్నడూ పంపని ఖాతాలకు పెద్ద మొత్తాలు వెళ్తుంటాయి.

పేరు కలవకపోతే బ్యాంకే ఆపేస్తుందని చాలామంది ధీమా. ఆపదు. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌ పద్ధతుల్లో ఖాతా నంబరు చూసి జమ చేస్తారు, మనం టైపు చేసిన పేరును కాదు. అందుకే పంపేముందు అవతలి ఖాతాదారు అసలు పేరు చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి పెట్టాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. దీనికి ఛార్జీ లేదు. చదవకుండా ఓకే నొక్కేస్తే మాత్రం ఉన్నా లేనట్టే. డెకరేషన్ ఆయన ఖాతా భార్య పేరునో షాపు పేరునో ఉండొచ్చు. వేరే పేరు కనిపిస్తే ఫోన్ చేసి అడగండి, ఊహించుకోవద్దు.

కొత్త ఖాతాను రెండు మూడు రోజుల ముందే యాప్‌లో చేర్చుకోండి. చేర్చిన మొదటి రోజు చాలా బ్యాంకులు పెద్ద మొత్తం పంపనివ్వవు, ఆ హడావిడిలోనే తప్పులు జరుగుతాయి. ‘శ్రీనివాస్’ అని కాకుండా ‘శ్రీనివాస్ వంట’ అని సేవ్ చేయండి, బంధువుల్లో ఇంకో శ్రీనివాస్ ఎలాగూ ఉంటాడు. ముందు పదకొండో పదమూడో రూపాయలు పంపి, “వచ్చాయా?” అని కాకుండా “ఎంత వచ్చింది?” అని అడగండి. పనిలో ఉన్నవాళ్లు చూడకుండానే “వచ్చాయండీ” అనేస్తారు.

పాత ఫోన్ నంబర్లకు యూపీఐ చేసేటప్పుడు మరీ జాగ్రత్త. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీలు ఇంకొకరికి ఇచ్చేస్తాయి.

ఖాతాలో కట్ అయింది, అవతల చేరలేదు అంటే వెంటనే మళ్లీ పంపకండి. వ్యక్తికి పంపి విఫలమైన యూపీఐ చెల్లింపు మర్నాటికల్లా వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

నిజంగానే తప్పు ఖాతాలో పడితే మొదటి గంటలోనే మీ బ్యాంకుకు చెప్పండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనకో పాస్‌బుక్‌లోనో చూడండి. యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు), తేదీ, మొత్తం రాసి బ్రాంచిలో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. అవతలి బ్యాంకు తన ఖాతాదారును అడుగుతుంది. ఆయన ఒప్పుకోకపోతే బ్యాంకు తనంతట తాను తీసి ఇవ్వలేదు. దురుద్దేశంతో ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు దారి ఉంది, కాకపోతే అది నెలల పని. బ్యాంకే 30 రోజులు పలక్కపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు.

“పొరపాటున మీకు వేశాను, ఈ నంబరుకు తిప్పి పంపండి” అని మీకే ఫోన్ వస్తే డబ్బు జమైందన్న మెసేజ్‌ను నమ్మకండి, బ్యాలెన్స్ చూసుకోండి. నిజంగా వచ్చి ఉంటే ముట్టుకోకుండా మీ బ్రాంచికి రాసివ్వండి, ఆయన్ని తన బ్యాంకు ద్వారానే అడగమనండి.