ఎండాకాలానికి ముందే, తక్కువ ఖర్చుతో ఇంటిని చల్లబరుచుకోవడం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటి సుఖం గురించి మాట్లాడటమంటే ముందుగా ఎండాకాలం గురించి మాట్లాడటమే. మిగతా కాలాల్లో ఇంటికి ఏ లోటున్నా ఎలాగో సర్దుకుపోతాం. మార్చి నుంచి జూన్ దాకా, అందులోనూ రోహిణి కార్తె నడిచే రోజుల్లో, రాత్రి పదకొండు దాటినా చల్లబడని పడకగదితో సర్దుకుపోవడం మాత్రం ఎవరి వల్లా కాదు. ఈ బాధకు మందు ఒకటేననుకుని చాలామంది నేరుగా కూలరో ఏసీయో కొనేస్తారు. వేడి ఏ దారిన ఇంట్లోకి వస్తోందో చూసి, ముందు ఆ దారికి అడ్డం వేస్తే, ఆ తరువాత కొనేది చిన్నదైనా సరిపోతుంది. కొన్ని ఇళ్లలో కొనే అవసరమే రాదు.

ఆ దారి తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఎండ బాగా కాసిన రోజు రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో గది నాలుగు గోడలకూ వరసగా అరచేయి ఆనించి చూడండి. తరువాత ఫ్యాను ఆపి, ఎత్తు బల్ల ఎక్కి, పైకప్పును కూడా తాకి చూడండి. ఉత్తరపు గోడ మామూలుగా ఉంటుంది, పడమటి గోడ వెచ్చగా తగులుతుంది, పై అంతస్తు లేని మిద్దె ఇల్లయితే కప్పు అన్నిటికంటే వేడిగా ఉంటుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఏప్రిల్ చివర్లో నెల్లూరుకూ, మే మొదటి రోజుల్లో ఒంగోలుకూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. గోడలకు పూటకొకదానికే ఎండ తగిలితే, కప్పుకు పొద్దస్తమానం తగులుతుంది. కాంక్రీటు ఆ వేడిని పగలంతా దాచుకుని, మనం పడుకునే వేళకు కిందికి వదులుతుంది. అందుచేత చేతిలో ఉన్న డబ్బు కొద్దిదే అయితే మొదట మిద్దె పైన, ఆ తరువాత పడమటి వైపున ఖర్చు పెట్టాలి. కిటికీ తెరలు, ఫ్యాన్లు దాని తరువాతి మాట.

మిద్దెకు సున్నం కొట్టించడం ఉన్నవాటిలోకెల్లా చవకైన పని. తెల్లటి పైభాగం ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది కనుక స్లాబు లోపలికి దిగే వేడే తగ్గిపోతుంది. ఈ పనికి మన ప్రాంతంలో సరైన కాలం ఫిబ్రవరి, మార్చి నెలలు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, ఆ వానల్లో ఎక్కడ చెమ్మ దిగిందో గుర్తు పెట్టుకుని, సంక్రాంతి దాటాక పగుళ్లు పూడ్పించి, ఆ తరువాత సున్నం వేస్తే వేసవి మొత్తం నిలుస్తుంది. పగుళ్లు పూడ్చకుండా పైన తెల్లగా కొట్టించడం వల్ల ఉరుపు ఆగదు; ముఖ్యంగా పిట్టగోడ మిద్దెను కలిసే మూలలను జాగ్రత్తగా చూడాలి, నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడే.

గుల్ల సున్నం దొరికితే మంచిది, లేకపోతే దుకాణంలో సంచుల్లో అమ్మే సున్నపు పొడి చాలు. కాల్చిన గుల్లను ఇనుప డ్రమ్ములోని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, పల్చటి ప్లాస్టిక్ బకెట్లో వేయకూడదు, ఎందుకంటే సున్నం విరిగేటప్పుడు నీళ్లు కుతకుత ఉడుకుతాయి. ఒక రాత్రి నాననిచ్చి, పాత నూలు చీర గుడ్డలో వడగట్టి, పది కిలోల సున్నానికి అర కిలో చొప్పున వడ్రంగులు వాడే తెల్ల బంకను నీళ్లలో కరిగించి కలపాలి. బంక లేని సున్నం నెల తిరక్కుండానే అరికాళ్లకు అంటుకుని ఇంట్లోకి వచ్చేస్తుంది. కలిపినది దోసెల పిండి కంటే కొంచెం పల్చగా ఉండాలి. మిద్దెను శుభ్రంగా ఊడ్చి, నాచును గీకి, నీళ్లు చల్లి తడిపాక, సాయంత్రం చల్లబడిన వేళ మొదటి పూతను ఒక దిక్కుగా, అది ఆరాక మరునాటి సాయంత్రం రెండో పూతను దానికి అడ్డంగా వేయించాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే కుంచె కిందే ఆరిపోయి పొట్టుగా లేస్తుంది. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం కనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ ఈ పనికి దింపకండి, పిల్లలను మిద్దె ఎక్కనివ్వకండి. ఏటేటా మళ్లీ వేయించాల్సిందే. ఖరీదైన రంగులు ఎక్కువ కాలం ఉంటాయన్నది నిజమే కానీ, దుమ్ము పట్టాక అవి కూడా కడగకపోతే పనిచేయవు.

రేకుల ఇళ్ల సంగతి వేరు. రేకు పల్చన కాబట్టి రాత్రికి త్వరగానే చల్లబడుతుంది, పగలు మాత్రం లోపల ఉండలేం. తెల్ల రంగు వేయడం ఇక్కడా పనికొస్తుంది. కాకపోతే సిమెంటు రేకుల మీద నేరుగా నడవకూడదు, కింద దూలాలున్న చోట పొడవాటి చెక్కలు పరుచుకుని వాటి మీదే అడుగు వేయాలి. పాత సిమెంటు రేకుల్లో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉంటుంది కనుక వాటిని పొడిగా గీకడం, రంధ్రాలు చేయడం ఊపిరితిత్తులకు హానికరం. తడిపి, మెత్తటి చీపురుతో మాత్రమే తుడవాలి. పల్లెల్లో రేకుల మీదికి సొరపాదో చిక్కుడుపాదో పాకించే అలవాటు ఉంది, అది కాయల కోసమే అనుకుంటే పొరపాటు. ఆకుల నీడ కింద రేకు కాలదు. ఫిబ్రవరిలోనే గింజ పెట్టి, పాదు పాకడానికి రేకుకు జానెడు ఎత్తున వెదురు కట్టలు అమర్చితే ఎండలు ముదిరే నాటికి కప్పు కమ్ముకుంటుంది.

పడమటి కిటికీకి లోపల ఎంత మందపాటి తెర కట్టినా ప్రయోజనం సగమే, ఎందుకంటే ఎండ అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసింది. దానిని బయటే ఆపాలి. తాటాకు తడిక, వెదురు తెర, నర్సరీల వాళ్లు వాడే పచ్చ వల, వీటిలో ఏది అందుబాటులో ఉంటే దానిని కిటికీకి ఒక మూర దూరంలో, గాలి ఆడేటట్టు సజ్జ అంచు నుంచి వేలాడదీయాలి. గోడకు ఆనించి కడితే తడిక వేడెక్కి ఆ వేడినే గోడకు ఇస్తుంది. పొయ్యి దగ్గరి కిటికీకి తాటాకు వాడకండి. స్థలం ఉన్నవారు పడమర వైపున మునగ చెట్టు నాటుకోవచ్చు, అది త్వరగా ఎదుగుతుంది.

ఇక కిటికీలు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది మీరు ఏ వైపు ఉన్నారన్న దానిని బట్టి ఉంటుంది. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు వేడి పొడి వేడి. పడమటి గాలి నిప్పులా వీస్తుంది కానీ తెల్లవారుజాముకు కొంత చల్లబడుతుంది. అక్కడ ఉదయం ఎనిమిదింటికల్లా కిటికీలు, తలుపులు మూసి, పొద్దుగూకాక అన్నీ తెరవాలి. కావలి, కొత్తపట్నం, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో అసలు బాధ ఉక్కపోత. అక్కడ మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి తిరుగుతుంది కనుక, ఆ వేళకు తూర్పు కిటికీని, దానికి ఎదురుగా ఉన్న తలుపునో కిటికీనో కలిపి తెరవాలి; ఒక్క వైపే తెరిస్తే లోపలి గాలికి పోయే దారి లేక బయటి గాలి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రానే రాదు.

రాత్రి కిటికీలు తెరవమని చెప్పడం తేలికే, నెల్లూరు దోమలను ఎరిగినవారు నవ్వుతారు. అందుకే దోమతెర వల ఇంటిని చల్లబరిచే సరంజామాలోకే వస్తుంది. వెల్క్రో పట్టీతో అంటించే వలను ఎవరికి వారే బిగించుకోవచ్చు: కిటికీ చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక పట్టీ అంటించి, ఒక రోజు అలాగే వదిలేసి, మరునాడు వలను అద్దాలి. తొందరపడి వెంటనే వల లాగితే పట్టీ మూలల్లో లేచిపోతుంది. నెలకోసారి వలను విప్పి ఉతకాలి, దుమ్ము పట్టిన వల గాలిని ఆపేస్తుంది.

ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి చెమటను ఆరబెట్టి మనిషికి హాయినిస్తుంది. కాబట్టి ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను దండగ. పాత ఫ్యాను వేగం తగ్గితే ముందు కండెన్సర్ మార్పించండి, చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది. కొత్తది కొనాల్సి వస్తే బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేది, తీసుకోవడం మేలు. మామూలు ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటే ఇది 30, 35 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 15 గంటలు వాడే ఇంట్లో ఒక్క ఫ్యాను మీద నెలకు 18 యూనిట్లు మిగులుతాయి. అయితే గదిలోని గాలి 40 డిగ్రీలు దాటిన వేళ ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది. వృద్ధులు, పసిపిల్లలు ఉన్నచోట అప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, మంచినీళ్లు తాగించడం, చల్లటి చోటికి మార్చడం ముఖ్యం.

కూలరు పొడి గాలి ఉన్న చోటే పనిచేస్తుంది. మార్కాపురం వైపు అది వరమే, సముద్రపు ఒడ్డున మాత్రం ఉక్కను పెంచుతుంది. దానిని కిటికీలో బయటి గాలి పీల్చేలా పెట్టి, ఎదుటి తలుపు ఓరగా తెరిచి ఉంచాలి. వారానికి ఒకసారైనా తొట్టిని ఖాళీ చేసి రుద్ది కడగకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. బోరు నీటిలోని ఉప్పు, కూలరులో నీళ్లు పీల్చే మెత్తలకు తెల్లగా పేరుకుంటుంది, పేరుకున్నాక గాలి సరిగా రాదు కనుక సీజను మధ్యలో ఒకసారి మార్చుకోవాలి.

బయట కట్టిన తడికలు, పచ్చ వలలు సెప్టెంబరు ముగిసేలోపు విప్పేయండి. తుఫాను గాలికి అవి తెరచాపలా ఉబ్బి, కట్టిన కొక్కేలను సజ్జ పెచ్చులతో సహా పీకేస్తాయి. ఆ గుంతల్లోంచి నవంబరు వానకు నీళ్లు దిగుతాయి. వాటిని విప్పే రోజునే మిద్దె గొట్టాల్లోని ఆకులు, చెత్త కూడా తీయించండి.